ఇత్తడి తోపుడుబండ్లు చేసిన చేయి – సర్ హెన్రీ రాయిస్ జీవిత రేఖలు

రోల్స్ రాయిస్ అనే పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఐశ్వర్యానికి, రాచఠీవికి ఆ జంట పదాలు లోకమంతటా మారుపేరై నిలిచాయి. అయితే ఆ జంటలోని రెండవ పేరు గల వ్యక్తి తొమ్మిదేండ్ల వయసులో తండ్రిని పోగొట్టుకొని, లండన్ వీధుల్లో వార్తాపత్రికలు అమ్మి పొట్టపోసుకున్న బాలుడని మనలో ఎందరికి తెలుసు? బడిలో ఆయన చదివిన చదువు ఒక్క సంవత్సరం మాత్రమే. అటువంటి వ్యక్తి చేతి నుండి ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదని ప్రసిద్ధి పొందిన కారు ఎట్లా వెలువడింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ సమాధానాన్ని వెతకడానికి మనం ఒక చిన్న కళను తోడు తీసుకుందాం. పాతకాలపు గొప్ప కార్లకు సూక్ష్మ నమూనాలు చేసే అభిరుచి గలవారు దేశదేశాల్లో ఉన్నారు. దుకాణంలో దొరికే భాగాల పెట్టెను కొని, కాగితంలో చూపినట్లు అతికించడం ఒక పద్ధతి. ఇత్తడి రేకు, రాగి తీగ, కొయ్య ముక్క, తోలు తునక ముందు పెట్టుకొని, ప్రతి మరమేకునూ, ప్రతి దీపాన్నీ, ప్రతి చక్రపు ఆకునూ స్వహస్తాలతో మలచి కారును మొదటినుంచీ పుట్టించడం రెండవ పద్ధతి. ఈ రెండవ పద్ధతిలో పనిచేసే నిపుణుడికి ఒక నమూనా పూర్తి కావడానికి నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలే పడుతుంది. రాయిస్ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆ నిపుణుడి పనిబల్ల కంటే మంచి చోటు లేదని మా అభిప్రాయం. ఎందుకంటే రాయిస్ చేతి నైపుణ్యానికి తొలి సాక్ష్యాలుగా నేటికీ చెప్పుకొనే వస్తువులు కూడా సూక్ష్మ నమూనాలే.

ఫ్రెడరిక్ హెన్రీ రాయిస్ 1863వ సంవత్సరం మార్చి 27వ తేదీన ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణానికి సమీపాన గల ఆల్వాల్టన్ గ్రామంలో జన్మించారు. అయిదుగురు సంతానంలో ఆయనే కడగొట్టువాడు. తండ్రి జేమ్స్ రాయిస్ పిండిమర నడిపేవారు. వ్యాపారం దెబ్బతిన్నది. కుటుంబం బ్రతుకుతెరువు వెతుక్కుంటూ లండన్ చేరింది. 1872లో తండ్రి నలభయ్యొక్క ఏండ్లకే, దిక్కులేనివారికి ఆశ్రయమిచ్చే ఒక అనాథశాలలో కన్నుమూశారు. బాలుడైన హెన్రీ పత్రికలు అమ్మాడు. తపాలా కార్యాలయంలో తంతివార్తలు అందించే కుర్రవాడుగా ఇంటింటికీ తిరిగాడు. ఆ తంతివార్తల్లో ఎన్ని శుభవార్తలున్నా అవన్నీ ఇతరుల ఇండ్లవే.

1878లో, పదిహేనవ ఏట, ఒక మేనత్త వంటి దయామూర్తి దొరికితే జీవితం ఎట్లా మలుపు తిరుగుతుందో ఆయన విషయంలో కనిపిస్తుంది. బంధువైన ఒక పెద్దమ్మ ఏటేటా కొంత రుసుము చెల్లించడానికి అంగీకరించగా, హెన్రీ పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరారు. పగలంతా రైలింజన్ల నడుమ పని. బస చేసిన ఇంటి యజమాని కూడా రైల్వే పనివాడే. ఆయన పెరటి షెడ్డులో చిన్న లేత్ మిషను, పనిముట్లు ఉండేవి. సాయంకాలాలు ఆ షెడ్డే హెన్రీకి పాఠశాల అయింది. ఆకురాయి పట్టడం, లోహాన్ని అతకడం, కొలత తప్పకుండా తరచడం అక్కడ నేర్చుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆయన ఇత్తడితో మూడు చిన్న ఒంటిచక్రపు తోపుడుబండ్లు తయారుచేశారు. రైల్వే కార్ఖానాలో మట్టి, బొగ్గు మోసే మామూలు బండ్లకు అవి నమూనాలు. కార్ఖానాలో అందరికంటే హీనమైన పనికి వాడే వస్తువు అది. దానిని చిన్నదిగా చేయడానికి ఒక కుర్రవాడు అంతటి శ్రద్ధ పెట్టడం ఆశ్చర్యకరం. ఆయన కంపెనీ చరిత్ర చెప్పేవారు రాయిస్ నైపుణ్యానికి మొదటి గురుతుగా ఆ మూడు బండ్లనే పేర్కొంటారు.

విద్యార్థులు ఒక్క క్షణం ఇక్కడ ఆగి ఆలోచించవలెను. పెద్ద బండిలో నూలుపోగంత తప్పు జరిగితే ఎవరికీ కనబడదు. అదే బండిని పన్నెండో వంతుకు కుదిస్తే, ఆ నూలుపోగంత తప్పు పన్నెండు నూలుపోగుల తప్పై కళ్ళ ముందు నిలుస్తుంది. చిన్న నమూనా చేసేవాడు ఎవరినీ మోసగించలేడు, తన్ను తాను కూడా మోసగించుకోలేడు. పదిహేను పదహారేండ్ల వయసులో రాయిస్ చేతికి అలవడిన క్రమశిక్షణ ఇదే.

మూడేండ్లు గడవకముందే, గడిచీ గడవకనో గాని, పెద్దమ్మ వద్ద సొమ్ము నిండుకున్నది. అప్రెంటిస్ శిక్షణ సగంలో ఆగిపోయింది. చేతిలో సర్టిఫికెట్టు లేదు. పని వెతుక్కుంటూ లీడ్స్ నగరం చేరి, పనిముట్లు చేసే ఒక కంపెనీలో వారానికి 54 గంటలు శ్రమించి 11 షిల్లింగులు సంపాదించారు. తరువాత లండన్ తిరిగివచ్చి, అప్పుడప్పుడే వ్యాపిస్తున్న విద్యుద్దీపాల కంపెనీలో చేరారు. పగలు ఉద్యోగం, రాత్రి తరగతులు. విద్యుత్తు నాటికి కొత్త శాస్త్రం. దానిలో వంశపారంపర్యపు పెద్దలు లేరు, పేదవాడికీ ధనికుడికీ ఒకే గీత వద్ద పరుగు ప్రారంభం. 1882లో ఆ కంపెనీ ఆయనను లివర్‌పూల్ పంపింది. వీధులకు, నాటకశాలలకు దీపాలు అమర్చే పని చూశారు.

1884లో తాను కూడబెట్టిన 20 పౌన్లతో మాంచెస్టర్ నగరంలోని కుక్ వీధిలో సొంత కార్ఖానా పెట్టారు. ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే మిత్రుడు 50 పౌన్లతో భాగస్వామిగా చేరారు. ఇండ్లలో వాడే విద్యుత్ గంటలు, దీపపు అమరికలు వారి తొలి సరుకు. పని గది పైనే నివాసం. క్రమంగా డైనమోలు, విద్యుత్ క్రేన్లు తయారుచేసే స్థాయికి ఎదిగారు. రాయిస్ క్రేన్లు గట్టివని, నమ్మదగినవని పేరు వచ్చింది. అయితే నూతన శతాబ్దం వచ్చేసరికి జర్మనీ, అమెరికా దేశాల నుండి చవక సరుకు వచ్చి పడింది. సరుకు నాణ్యత తగ్గించి ధర తగ్గించడం అందరికీ తోచే ఉపాయం. రాయిస్ అందుకు ఒప్పుకోలేదు. భోజనం మరచి రాత్రింబగళ్ళు పనిచేసిన ఆయన ఆరోగ్యం 1902లో కూలబడింది. వైద్యుల సలహాపై కొన్ని వారాలు భార్య బంధువులున్న దక్షిణాఫ్రికాకు ఓడ ప్రయాణం చేశారు. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్నది మోటారు కార్ల నిర్మాణాన్ని వివరించే ఒక పుస్తకం.

తిరిగివచ్చాక ఆయన దృష్టి కారు మీద నిలిచింది. ఫ్రాన్సు దేశపు డెకోవిల్ కారు ఒకటి, అప్పటికే ఒకరు వాడినది, కొన్నారు. ఆ కాలానికి అది చెడ్డ కారు కాదు. కానీ రాయిస్ చెవికి దాని చప్పుడు నచ్చలేదు. చేతికి దాని అతుకులు నచ్చలేదు. దానిని మరమేకు మరమేకుగా విప్పదీశారు. ప్రతి భాగాన్నీ బల్లమీద పరచి, ఇది ఎందుకు ఉన్నది, ఇంతకంటే మేలుగా ఎట్లా ఉండవచ్చును అని పరీక్షించారు. సరికొత్తది కనిపెట్టాలనే తొందర ఆయనకు లేదు. ఉన్నదానిని తీసుకొని, దానిలోని ఒక్కొక్క లోపాన్నీ తొలగించుకుంటూ పోవడమే ఆయన మార్గం.

నమూనాలు చేసే నిపుణుడి మొదటి అడుగు కూడా సరిగ్గా ఇదే. అసలు కారును చూడకుండా, దాని కొలతలు తీయకుండా అతడు రేకు ముట్టడు. ఫోటోలు, పాత పటాలు సేకరించి, ప్రతి భాగాన్నీ మనసులో విప్పి, కాగితం మీద తిరిగి కూర్చుతాడు. విప్పడం తెలియనివాడికి కూర్చడం తెలియదు.

1904వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన కుక్ వీధి కార్ఖానా నుండి మొదటి రాయిస్ కారు బయటికి వచ్చింది. రెండు సిలిండర్లు, పది గుర్రాల శక్తి. రాయిస్ దానిని నడుపుకొంటూ సుమారు పదిహేను మైళ్ళ దూరంలోని నట్స్‌ఫర్డ్‌లో ఉన్న తన ఇంటికి వెళ్ళారు. అటువంటివి మూడు కార్లు చేశారు. వాటి నిశ్శబ్దం గురించి విన్న ఒక యువకుడు మే 4వ తేదీన మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో ఆయనను కలుసుకొన్నారు. ఆయనే చార్లెస్ రోల్స్. ప్రభువంశంలో పుట్టి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదివి, లండన్‌లో ధనికులకు కార్లు అమ్మే వ్యాపారం చేస్తున్నవారు. ఒకరు తంతివార్తలు మోసిన కుర్రవాడు, మరొకరు ప్రభువు బిడ్డ. కారు ఎక్కి కొంతదూరం పోయిరాగానే ఆ అంతరం మాసిపోయింది. రాయిస్ చేసే కార్లన్నీ రోల్స్ అమ్మేటట్లు, రెండు పేర్లూ కలిపి వాటికి పెట్టేటట్లు ఆ ఏడు డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1906లో రోల్స్ రాయిస్ లిమిటెడ్ ఏర్పడింది.

ఆ ఏడాది చివర లండన్ ప్రదర్శనలో వారు నలభై - యాభై గుర్రాల శక్తి గల ఆరు సిలిండర్ల కారును చూపారు. 1907లో ఆ వర్గానికి చెందిన పన్నెండవ ఛాసిస్‌కు బార్కర్ అనే సంస్థ పై నిర్మాణం కట్టింది. దానికి వెండి రంగు పూసి, అమరికలకు వెండి మలాము వేశారు. కంపెనీ వ్యవహారాలు నడిపే క్లాడ్ జాన్సన్ దానికి సిల్వర్ గోస్ట్ అని పేరు పెట్టారు. వెండి భూతం అని మనం తెలుగు చేసుకోవచ్చును. దెయ్యంలా చప్పుడు లేకుండా వచ్చి నిలిచేది కనుక ఆ పేరు. క్రమంగా ఆ పేరు ఆ వర్గపు కార్లన్నిటికీ అతికింది.

అదే సంవత్సరం ఆ కారును లండన్, గ్లాస్గో నగరాల నడుమ రాత్రింబగళ్ళు తిప్పి, 15,000 మైళ్ళ పరీక్షకు పెట్టారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పరిశీలకులు వెంట ఉన్నారు. 629వ మైలు వద్ద కారు ఆగింది. కారణం ఏమిటని చూస్తే, ఇంజను గాదు, ఇరుసు గాదు. దారి కుదుపులకు పెట్రోలు కుళాయి ఒకటి తనంతట తానే మూసుకుపోయింది. దానిని తెరచి కదిలించిన తరువాత 14,371 మైళ్ళు ఆ కారు తనకు తానుగా ఒక్కసారి కూడా ఆగలేదు. పరీక్ష ముగిశాక భాగాలన్నీ విప్పి చూసి, కొత్త కారుతో సమానం చేయడానికి కావలసిన భాగాల ఖర్చు లెక్క వేస్తే రెండు పౌన్లకు కొంచెం పైన తేలింది. అంతటి యంత్రాన్ని నిలిపివేయగలిగినది బొటనవ్రేలంత కుళాయి. రాయిస్ ఆ కుళాయిని కూడా ఇంజనుతో సమానంగా పట్టించుకొనే మనిషి.

ఇప్పుడు ఈ సిల్వర్ గోస్ట్‌ను నమూనాగా చేయబూనిన నిపుణుడి పనిబల్ల వద్దకు వెళదాం. అతడు అడుగుకు అంగుళం అనే కొలత ఎంచుకొన్నాడనుకొందాం. అనగా అసలులో పన్నెండవ వంతు. పొడవు ఛాసిస్ గల కారులో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 143.5 అంగుళాలు. నమూనాలో అది పన్నెండు అంగుళాలకు నూలుపోగు తక్కువ. విద్యార్థి స్కేలుబద్ద పొడవన్నమాట. తొలినాటి ఇంజను సిలిండరు లోపలి వ్యాసం నాలుగున్నర అంగుళాలు. పిస్టన్ పైకీ క్రిందికీ ఆడే దూరం కూడా అంతే. అట్టివి ఆరు కలిస్తే 7,036 ఘనపు సెంటీమీటర్లు. నమూనాలో ఆ సిలిండరు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు, అంటే లావుపాటి సిరాకలం లోనికి పట్టేంతకు దిగిపోతుంది.

అసలు చిక్కు రేకు మందంలో ఉన్నది. కారు మీది ఒక మిల్లీమీటరు రేకు పన్నెండో వంతుకు వచ్చేసరికి తల వెంట్రుక మందం అవుతుంది. అంత పలుచని రేకు చేతిలో నిలువదు. కనుక నిపుణుడు మందమైన రేకునే వాడి, కంటికి కనిపించే అంచులను మాత్రం ఆకురాయితో పలుచబరుస్తాడు. తోలు విషయమూ అంతే. సీట్లకు మామూలు తోలు కప్పితే ఆ నమూనా గోనెసంచి కప్పినట్లు కనబడుతుంది. తోలును వెనుకనుండి గీకి గీకి కాగితమంత చేయవలెను. పొడవు వెడల్పులను లెక్కప్రకారం కుదించవచ్చును గాని, వస్తువు స్వభావాన్ని కుదించలేము. ఈ సంగతి తెలిసిన చోటనే కొలబద్ద పని ముగిసి కంటి పని మొదలవుతుంది.

తొలినాటి సిల్వర్ గోస్ట్ చక్రాలకు చెక్క ఆకులు ఉండేవి. మన ఎడ్లబండి చక్రం చూసినవారికి ఆ నిర్మాణం కొత్త కాదు. ప్రతి ఆకునూ విడిగా చెక్కి, అన్నీ ఒకే కోణంలో నిలబడేటట్లు ముందుగా ఒక ఫర్మా చేసుకొని, దానిలో అమర్చి అతకవలెను. ఒక్క ఆకు వాలినా చక్రం తిరిగేటప్పుడు కుంటుతుంది. ముందు దీపాలను ఇత్తడి కడ్డీ నుండి లేత్ మీద తరుస్తారు. ఛాసిస్ దూలాలను ఇత్తడి రేకు మడిచి, వెండి టంకంతో అతుకుతారు. వేడి ఎక్కువైతే ముందు వేసిన అతుకు కరిగి ఊడుతుంది. కనుక ఏ అతుకు ముందు, ఏది వెనుక అనే క్రమం పని మొదలుపెట్టకముందే కాగితం మీద తేలవలెను.

రేడియేటరు మరొక పరీక్ష. గ్రీకు ఆలయ ముఖద్వారంలా నిలువు స్తంభాలు, పైన త్రికోణం. చదునుగా తోచే రోల్స్ రాయిస్ రేడియేటరు పలకలు నిజానికి స్వల్పంగా ఉబ్బి ఉంటాయి. ఖచ్చితంగా చదునుగా చేస్తే మెరుగుపెట్టిన లోహం కంటికి లోపలికి కుంగినట్లు కనబడుతుంది. ప్రాచీన గ్రీకు శిల్పులు స్తంభాల విషయంలో పాటించిన రహస్యమే ఇది. కార్ఖానాలో ఈ ఉబ్బును పనివారు కంటితో చూసి, చేతితో దిద్ది తెచ్చేవారు. 1911లో చార్లెస్ సైక్స్ అనే శిల్పి రేడియేటరు మీద నిలిపే రెక్కల స్త్రీమూర్తిని రూపొందించారు. తొలినాళ్ళలో దాని ఎత్తు సుమారు ఏడంగుళాలు. నమూనాలో అది రెండు వడ్లగింజల పొడవు. ఆ రెండు వడ్లగింజల్లో గాలికి ఎగిరే వస్త్రపు మడతలు కనబడవలెను. మైనంతో చెక్కి పోతపోయడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

ఈ పనులన్నిటిలో సగం ఎవరికీ కనబడవు. బానెట్టు మూసిన తరువాత లోపలి సిలిండరును ఎవరు చూస్తారు? ఛాసిస్ అడుగుభాగాన్ని ఎవరు తలక్రిందులు చేసి పరీక్షిస్తారు? అయినా అసలైన నిపుణుడు అవన్నీ చేస్తాడు. అతనికి ఆ పట్టుదల ఎక్కడినుండి వచ్చినదంటే, అతడు నమూనాగా చేస్తున్న వస్తువులోనే అది ఉన్నది. కనబడని చోట కూడా లోపం ఉండరాదనే నియమంతో రాయిస్ చేసిన వస్తువును, ఆ నియమం పాటించకుండా అనుకరించడం సాధ్యం కాదు.

సిల్వర్ గోస్ట్ వర్గపు కార్లు 1926 వరకు ఇంగ్లండులోను, అమెరికాలోను కలిపి 7,874 తయారయ్యాయి. వాటిలో ఒకదానిని చూడటానికి మన విద్యార్థులు సముద్రాలు దాటవలసిన పని లేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన కొరకు ఒక సిల్వర్ గోస్ట్‌ను తయారుచేయించడానికి ఉత్తరువు చేశారు. కారు చేరకముందే, 1911లో ఆయన పరమపదించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అది రాచ ఊరేగింపులకు ఉపయోగపడింది. పసుపు వన్నె గల ఆ కారులో వెనుక భాగాన సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉన్నది. దాని పై నిర్మాణం కూడా బార్కర్ సంస్థదే. హైదరాబాదులోని చౌమహల్లా పాలెస్‌లో దానిని సందర్శకులు చూడవచ్చును. అక్కడికి వెళ్ళినప్పుడు సింహాసనాన్ని చూసి ముచ్చటపడి వచ్చేయకుండా, దీపాల అంచులను, రేడియేటరు వంపును, చక్రాల అమరికను కూడా నిదానించి చూడవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాము. సింహాసనం నిజాముల ఐశ్వర్యాన్ని చెబుతుంది; ఆ అతుకులు పేరు తెలియని పనివారి హస్తవాసిని చెబుతాయి.

1908లో కంపెనీ డర్బీ పట్టణంలోని కొత్త కార్ఖానాకు తరలివెళ్ళింది. 1910 జూలై 12వ తేదీన చార్లెస్ రోల్స్ బోర్న్‌మత్‌లో విమాన ప్రమాదానికి గురై, ముప్పై రెండేండ్ల వయసులోనే మరణించారు. మరుసటి ఏడాది రాయిస్ తీవ్రంగా జబ్బుపడ్డారు. చిన్ననాటి ఆకలి, మధ్యవయసులో భోజనం మరచి చేసిన చాకిరి శరీరాన్ని వదలలేదు. శస్త్రచికిత్సలు జరిగాయి. ఇక ఆయన ఎక్కువ కాలం జీవించరని వైద్యులు భావించారు. ఆయన మరి రెండు దశాబ్దాలకు పైగా జీవించారు. శీతకాలం ఫ్రాన్సు దక్షిణ తీరంలోని ల కెనడెల్‌లో, తక్కిన కాలం ఇంగ్లండు సముద్రతీరంలో గడిపారు. 1917 నుండి ససెక్స్ తీరంలోని వెస్ట్ విట్టరింగ్ గ్రామం ఆయన నివాసమైంది.

కార్ఖానాకు దూరంగా ఉన్న రోగి ఇంజన్లు ఎట్లా నిర్మిస్తాడు? ఇంటికి దగ్గరలోనే కొద్దిమంది పటకారులను, ఇంజనీర్లను నిలుపుకొన్నారు. వారు గీసిన ప్రతి పటమూ ఆయన చూపు క్రింది నుండి పోవలసినదే. ఎక్కడ మందం ఎక్కువ, ఎక్కడ మరమేకు బలహీనం అని పటం మీదనే పసిగట్టేవారు. చేతితో ఏళ్ళతరబడి లోహాన్ని తరచినవాడు కనుక, కాగితం మీది గీత ఆయనకు లోహమై తోచేది. ప్రత్యక్షంగా పనిచేయని చేతికి ఈ దివ్యదృష్టి అలవడదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన ఈగిల్ అనే విమాన ఇంజనును రూపొందించారు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు అట్లాంటిక్ మహాసముద్రాన్ని మొదటిసారి మధ్యలో ఆగకుండా దాటినది అటువంటి రెండు ఇంజన్ల విమానంలోనే. 1929లోను, 1931లోను ష్నైడర్ ట్రోఫీ పందేలలో గెలిచిన ఇంగ్లండు విమానాల ఇంజను కూడా ఆయన పర్యవేక్షణలో రూపొందినదే. దాని రూపురేఖలను సముద్రపు ఇసుకమీద చేతికర్రతో గీసి సహచరులకు వివరించారని చెప్పుకొంటారు. 1930లో ప్రభుత్వం ఆయనకు బారొనెట్ బిరుదమిచ్చి సత్కరించింది. పిండిమర యజమాని కొడుకు సర్ హెన్రీ రాయిస్ అయ్యారు. అయినా తన్ను తాను మెకానిక్ అని చెప్పుకోవడమే ఆయనకు ఇష్టంగా ఉండేది.

1933 ఏప్రిల్ 22వ తేదీన వెస్ట్ విట్టరింగ్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికే రూపకల్పనలో ఉన్న ఒక పన్నెండు సిలిండర్ల ఇంజను అదే ఏడాది అక్టోబరులో మొదటిసారి తిరిగింది. తరువాత దానికి మెర్లిన్ అని పేరు వచ్చింది. 1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడిన స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలను నడిపినది ఆ ఇంజనే. దాని మ్రోతను రాయిస్ వినలేదు. ఆయన చితాభస్మం 1937లో, పుట్టిన ఊరు ఆల్వాల్టన్‌లోని చర్చికి చేరింది.

ఈ జీవితాన్ని మన కళాశాల పత్రికలో ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం చెప్పి ముగిస్తాము. మన విద్యార్థుల్లో అనేకులు ఉదయం తరగతికి వచ్చి, సాయంత్రం ఉస్తాదు వద్ద మోటారు మెకానిజమో, లేత్ పనో, వెల్డింగో చేసేవారు. దర్జీ పనిలోను, జరీ పనిలోను ఇంటికి ఆదరువుగా నిలిచిన విద్యార్థినులు ఉన్నారు. వారిలో చాలామంది ఆ సంగతిని తోటివారి ముందు దాచుకొంటారు. గోళ్ళలోని గ్రీజు కనబడకుండా చేతులు జేబులో పెట్టుకొని తరగతిలో కూర్చుంటారు. మెకానిక్ అనే మాటను ఎగతాళిగా వాడేవారు కూడా మన మధ్యనే ఉన్నారు. హునర్ గల చేతికి సిగ్గు ఎందుకు? ఆ చేతికి రాత్రి తరగతుల గణితం, పటం గీయడం తోడైనప్పుడు ఏమి జరిగిందో రాయిస్ చరిత్ర చూపుతున్నది. చేయి ఒక్కటే ఉండి చదువు లేకపోతే ఆయన లీడ్స్‌లో 11 షిల్లింగుల కూలి దగ్గరే ఆగిపోయేవారు.

అదే సమయంలో మరొక సంగతిని కూడా మరువరాదు. ఆయనకు ఒక పెద్దమ్మ రుసుము కట్టింది. ఒక ఇంటి యజమాని తన షెడ్డు తలుపు తెరిచాడు. ఆ రెండూ దొరకని పిల్లలు ఆనాటి లండన్‌లో వేలమంది ఉండి ఉంటారు. వారి పేర్లు మనకు తెలియవు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో మా మనవి ఒకటే. పెద్ద భవనం అడగడం లేదు. ఒక గది, ఒక గట్టి బల్ల, దానికి ఒక వైస్, నాలుగు ఆకురాళ్ళు, ఒక రంపం, కొలిచే పరికరాలు కొన్ని, కొంత ఇత్తడి రేకు చాలును. పని తెలిసిన ఉస్తాదు ఒకరిని వారానికి రెండు సాయంత్రాలు పిలిపించితే విద్యార్థులు ఆయన వద్ద కూర్చొని నేర్చుకొంటారు. వచ్చే ఏటి వార్షికోత్సవం నాటికి చౌమహల్లాలోని ఆ పసుపు కారుకు అడుగుకు అంగుళం చొప్పున ఒక నమూనాను మన విద్యార్థులు స్వయంగా చేసి ప్రదర్శించగలరని మా నమ్మకం. అంత పని ఒక్క ఏడాదిలో కాకపోతే, ఒక చక్రమైనా చేయవచ్చును. ఆకులన్నీ సమంగా నిలిచి, కుంటకుండా తిరిగితే అది మంచి ప్రారంభమే.